దులుపుకున్నాకే లేస్తా

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బహ్రెయిన్‌లో, తుబ్లీ క్యాంపులో ఉండేవాణ్ణి. మా ఫోర్‌మన్ మా జిల్లావాడే. అయినా పొద్దున్నే మంచాలను బూటుకాలితో తన్ని మమ్మల్ని లేపేవాడు. తలుపు పక్క మంచం నాది కాబట్టి మొదటి తన్ను నాకే.

సెలవు రోజైన శుక్రవారం, జింజ్ పేటలోని చర్చిలో తెలుగువాళ్ళ ప్రార్థన అయ్యాక ఒక టీచరమ్మ ఇంగ్లీషు చెప్పేవారు. నేను ప్రార్థనకు కాదు, పాఠానికే వెళ్ళేవాణ్ణి. ఒకసారి ‘రౌజ్’ అనే మాట వచ్చింది. నిద్ర లేపడమని అర్థం.

"ఇది వేటగాళ్ళ మాటండీ. డేగ తనంతట తాను ఈకలు దులుపుకోవడాన్ని అలా అనేవారు. పొదలో దాక్కున్న జంతువును బెదరగొట్టి లేపడాన్ని కూడా అదే మాటతో చెప్పేవారు" అన్నారావిడ.

నాకు ఒళ్ళు మండింది. మేం గోడలు కడుతున్న విల్లాలో అరబ్బు యజమానికి ఒక డేగ ఉండేది. కళ్ళ మీది తోలు టోపీ తీశాక, అది ఈకలు ఉబ్బించి దులుపుకునేదాకా ఆయన ఎగరేసేవాడు కాదు. చెయ్యి చాచి అలాగే నిలబడేవాడు. పిట్టకున్నపాటి మర్యాద మాకు లేదా?

మర్నాడు ఫోర్‌మన్ గదిలోకి వచ్చేసరికి నేను మంచం మీద కూర్చుని దుప్పటి దులుపుతున్నాను.

"యల్లా, నడువుండ్రి! ఏందిరా, లేస్తలెవ్వా?"

"దులుపుకున్నంక లేస్త. అందాక ఆగు."

పక్క మంచాల మీద కూడా దుప్పట్లు లేచాయి. గదంతా దుమ్ము. వాడు తుమ్ముతూ, తలుపు దగ్గరే ఆగాడు.