నేను వండిన గొంగడి

గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలేరేవాణ్ణి చూసి లోకం నవ్వుతుంది. నేను అంతకన్నా ఘనుణ్ణి, గొంగడినే వండాను. ఆ వంటతో మా బాపు చలికాలం ఎలా తగలబడిందో చెబుతాను. నవ్వండి, కానీ మీ ఇంట్లో ముసలివాళ్లుంటే కాస్త భయపడండి కూడా.

అప్పట్లో బాపు ఆసిఫాబాద్‌లో మా అక్క దగ్గర ఉండేవాడు. అక్కడి చలి ఎముకల్లో పీట వేసుకుని కూర్చుంటుంది. బాపుకు దగ్గు పట్టిందని, వెచ్చగా ఉంచమని డాక్టర్ చెప్పాడని అక్క ఫోన్ చేస్తే సుల్తానాబాద్ నుంచి బస్సెక్కాను. వెళ్లేసరికి బాపు ఒంటి మీద నల్ల గొంగడి, గొర్రెల మంద ఇంట్లో దూరినంత వాసన!

"గీ కంపుతోనే దగ్గు లేస్తుందక్కా! ఉడకబెడితే పురుగూ పుట్రా సస్తయి."

"ఉన్నిని ఉడకబెడ్తరారా తమ్మీ? జర ఎవలనన్న అడుగు."

"నాకే చెప్తవా? పుట్టినకాన్నుంచి మగ్గం కాడున్నోణ్ణి!"

నాలుగో తరగతితో బడి మానినా, దొరికిన పుస్తకమల్లా నమిలిన గర్వం నాది. పైగా నేతగాణ్ణి. రంగు వేయడానికి నూలును కాగులో మరిగించడమే ఎరుగుదును. గొర్రె బట్టకు వేరే న్యాయమా? కాగు నిండా నీళ్లు, గుప్పెడు సోడా, అందులో గొంగడి. కర్రతో పప్పు ఎనిపినట్టు ఎనిపాను.

ఎండాక పరిచి చూస్తే పీటకు సరిపోయేంత మిగిలింది. గట్టిగా, అట్టలా.

బాపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గొంగడి గుంజుకపోయిందా, నేనే పెరిగిన్నారా?"

"కాగుల ఇంకింత మిగిలిందేమో దేవులాడురా!" అంది అక్క.

పరువు కోసం బజారుకు ఉరికి పువ్వుల రగ్గు తెచ్చాను.

"మల్ల పెండ్లికొడుకును జేస్తున్నవారా నన్ను?"

ఆ నున్నటి రగ్గు ఒంటి మీద నిలిస్తేనా! తెల్లారేసరికి రగ్గు నేల మీద, బాపు మంచం మీద ముడుచుకుని. దగ్గు ముదిరి ఆస్పత్రిలో పడ్డాడు. కొత్త గొంగడి కోసం ఊరూరా తిరిగాను. నేసేవాళ్లు మగ్గాలెప్పుడో విప్పేశారు. మా చేతిమగ్గాలు పోయినప్పుడు పట్టించుకోని లోకం వాళ్ల మగ్గాలను పట్టించుకుంటుందా?

బాపు ఇంటికైతే వచ్చాడు. దగ్గు మాత్రం ఆయన్ని చివరిదాకా వదల్లేదు. నేను వండిన ఆ గొంగడి ముక్కనే గుండెల మీద కప్పుకునేవాడు.

"గిదేంది మామా, ముక్కు తుడుసుకునే దస్తీనా?" అని వచ్చినవాళ్లు అడిగితే, "నా కొడుకు సొంతంగ జేసిండు" అనేవాడు. అది తిట్టో దీవెనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు బాపు లేడు. ఆ ముక్క నా మోకాళ్ల మీద ఉంది. మొన్న నా కొడుకు ముక్కు మూసుకుని, "బాపూ, వాసనొస్తుంది. వాషింగ్ మిషన్ల ఏస్తా తే" అన్నాడు.

"ముడితే చెయ్యి ఇరుగుతది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను.

కాబట్టి ఈ గొంగడి ముక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ముసలాయనకు మేలు చేయాలన్నా ముందు ఆయన్నే అడుగుతాను. ఆయన సరేనన్నాకే పొయ్యి ముట్టిస్తాను. అదీ చాయ్ పెట్టడానికే.