ఉప్పునీళ్ళు తిన్న చీర

మా దీవుల్లో సునామీ వచ్చిన మరుసటేడు అబర్డీన్ బజార్‌లో ఫెరార్‌గంజ్ బస్సెక్కాను. పక్క సీట్లో విశాఖ నుంచి వచ్చిన ఫ్యాషన్ డిజైనింగ్ విద్యార్థిని కూర్చుంది. కాసేపు నా కొంగునే చూసి, చేత్తో పట్టుకుంది.

"ఈ తెల్లటి చారలు భలే ఉన్నాయక్కా! ఎలా అద్దారు? వచ్చే సీజన్‌కి ఇదే ట్రెండ్."

"అద్దకం కాదమ్మా. ఉప్పునీళ్ళలో నాని రంగు పోనాది. సునామీలో మా చెల్లి పోనాది. బాడీ దొరకనేదు, ఈ చీరొక్కటే ఒడ్డుకొచ్చినాది."

"అయ్యో!" అంటూనే కెమెరా తీసింది. "ఈ కథ కూడా చెబితే డిజైన్‌కి ఇంకా పేరొస్తుందక్కా. చెల్లి ఫొటో ఉందా?"

ఆ చెయ్యింకా నా కొంగు మీదే ఉంది. విడిపించుకుని, ఊరు రాకముందే దిగిపోయాను.

ఇప్పటికీ ఎవరైనా చీర బాగుందంటే, ముందు కొంగు దగ్గరికి లాక్కుంటాను.