కర్ర వదలని మనిషి

కొల్లేటికోట చేపల చెరువుల్లో మేత కట్టడం నిత్యానందం పని. చెరువులో వరసగా పాతిన వెదురు కర్రలకు చిల్లులు పెట్టిన తవుడు బస్తాలు వేలాడదీయాలి. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. పడవలో కూర్చుని, ఒక కర్ర పట్టుకుని మరో కర్ర అందుకుంటూ ఆయన చెరువంతా తిరుగుతాడు. నీళ్లమీద బతికే మనిషిని ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు. రాదని ఆయనా చెప్పలేదు.

వరద వచ్చిన ఏడాది చెరువు గట్లు మునిగాయి. చెరువు అవతల కాపలా గుడిసెలో జైనబ్ చిక్కుకుపోయింది. నెలలు నిండిన మనిషి. మోటార్లు చూసుకునే ఆమె భర్త మొహిద్దీన్ సామాను కోసం ఏలూరు వెళ్లి, దారి మునిగి అక్కడే ఆగిపోయాడు. గుడిసె మట్టి గోడలు కరిగిపోతున్నాయి. రోడ్డుమీద చేరినవాళ్లందరూ నిత్యానందం వైపు చూశారు. భార్య ప్రభావతి కూడా నిశ్చింతగా చూసింది. రాదని చెప్పడానికి సిగ్గేసి పడవ ఎక్కానని ఆయన ఇప్పటికీ చెబుతాడు.

పడవ నెట్టే గడకు చెరువు అడుగు అందలేదు. వెదురు కొసలు మాత్రం నీటిపైన కనిపిస్తున్నాయి. ఒకదాన్ని కౌగిలించుకున్నాడు. తర్వాతిదానికి చెయ్యి చాచాడు. రోజూ చేసే పనే. ఆ రోజు కళ్లు మూసుకుని చేశాడట.

జైనబ్ మంచంమీద నిలబడి ఉంది. పడవలోకి దిగుతూ అడిగింది.

"బాబాయ్, పడవ తిరగబడితే నన్ను ఒడ్డుకు చేరుస్తారా?"

"తిరగబడదులేమ్మా," అన్నాడు. తన నోట అంత ధైర్యమైన మాట మళ్లీ రాలేదట.

తిరుగుదారిలో ఒక కర్ర ఊడి చేతిలోకి వచ్చింది. పడవ అడ్డం తిరిగింది. జైనబ్ వంగి పక్క కర్ర పట్టుకుంది. అక్కణ్ణుంచి రోడ్డు దాకా ఒక కర్ర ఆయన, ఒక కర్ర ఆమె.

కైకలూరు ఆసుపత్రిలో ఆలియా పుట్టింది.

ఆ పిల్ల బడిలో చేరిన ఏడాది, సాహసవంతుల గురించి పిల్లలకు చెప్పే సభకు ఆ బడివాళ్లు నిత్యానందాన్ని పిలిచారు. శాలువా కప్పి, గజ ఈతగాడని పరిచయం చేశారు. ఆయన మైకు దగ్గరకు వెళ్లాడు.

"నాకు ఈత రాదండీ. సన్మానం ఆ కర్రలకి చెయ్యాలండీ."

పిల్లలు నవ్వారు. ముందు వరసలో ప్రభావతి నవ్వలేదు. ఇల్లు చేరాక ఒక్క మాటే అంది.

"రేపట్నుంచి నేర్చుకోండి."

ఇప్పుడు ఆదివారాలు మొహిద్దీన్ కాలువలో నడుములోతున ఒక వెదురు పాతి, ఇద్దరికి ఈత నేర్పుతున్నాడు. ఆలియా కర్ర వదిలేసింది. ఆయన ఇంకా వదల్లేదు.