పొగమంచులో కట్టిన మఫ్లర్

డబ్లిన్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పటి సంగతి. మావారికి ఫోటోల పిచ్చి. పొగమంచులో సముద్రాన్ని తీస్తానంటే ముగ్గురం పొద్దున్నే వెళ్లాం. ఎదుటి మనిషి ఆనడం లేదు. కెమెరా మీదికి వంగిన నల్లకోటు ఆయనకి వెనకనుంచి తలకీ చెవులకీ మఫ్లర్ చుట్టేసి, "రాత్రంతా మీరు దగ్గితే లేచేది నేనేగా!" అంటూ ముడి బిగించాను.

తిరిగి చూశాడు. ఎవరో తెల్లాయన!

"ఏమేవ్, నేనిక్కడుంటే ఎవరికి కడుతున్నావే?" అన్నారు మావారు పక్కనుంచి.

అమ్మాయి పరుగున వచ్చి ఆ తెల్లాయనకి సారీ చెప్పింది. "సముద్రంలో ఆ కొండరాయి కనబడాలని తెల్లారి నుంచీ వెయిట్ చేస్తున్నాడట అమ్మా! ఇప్పుడే ఒక్క క్షణం మంచు విడిందట. సరిగ్గా అప్పుడే నువ్వు మఫ్లర్‌తో కళ్లు కప్పేశావ్!"

సిగ్గుతో చచ్చిపోయాను. మంచు మళ్లీ విడాలని దేవుళ్లందరికీ మొక్కుతూ అక్కడే నిలబడ్డాను. విడలేదు. ఆయన కెమెరా సర్దుకుని, చెవులు వెచ్చగా ఉన్నాయని నాకు థాంక్యూ చెప్పాడు.

తిట్టి ఉంటే అంత సిగ్గుపడేదాన్ని కాను.