ఉప్పు చల్లే పహిల్వాన్లు

ఇయ్యాల పన్నెండున్నరకు వంటింట్ల నుంచి చేతులు తుడుచుకుంట వచ్చి, ఫోన్ గోడకు ఆనిచ్చి కూసున్న. మా ఆయన పేపర్ల నుంచి తల ఎత్తకుండనే "మొదలైనయా నీ లావోళ్ల కుస్తీలు?" అన్నడు. మొదలైనయి. రెండు నెలలకొకసారి, పదిహేను దినాలు, జపాన్‌ల సుమో పోటీలు జరుగుతయి. అక్కడ పొద్దుగూకే యాళ్లకు పెద్ద పహిల్వాన్లు దిగుతరు, అప్పుడు మనకు పగటీలి, మిట్ట మధ్యాహ్నం. హాలియాల ఉండే ఒక బస్సు కండక్టరమ్మకు జపాన్ పహిల్వాన్లతోని ఏం పని అని మా బజార్ల అందరికీ అనుమానమే. పక్కింటామె ఒకసారి కిటికీలకెల్లి చూసి "అక్కా, గా గోచీలోళ్లను గట్ల గుడ్లప్పగించి సూస్తవేంది?" అని మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నది. చెప్పాలంటే పొడుగు కథ. ఇయ్యాల ఆదివారం, నాకు మిషన్ లేదు. చెప్పనీకె తీరిక ఉన్నది.

నా కిడ్నీలు పనిచేస్తలేవని తెలిసింది తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు. బస్సుల నిలవడి టికెట్లు కొట్టిన మనిషిని. కాళ్లు ఉబ్బితే డ్యూటీకి ఉబ్బినయనుకున్న, ఆకలి చచ్చిపోతే ఎండలకనుకున్న. డాక్టరు కాగితాలు చూసి "వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేసుకోవాలమ్మా" అన్నడు. "ఎన్ని వారాలు సార్?" అని అడిగిన. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. బయటికొచ్చి మా ఆయన మొఖం చూస్తే అప్పుడు సమజైంది.

ఎనకట గీ పనికి హైదరాబాద్ దాకా ఉరకాల్సి ఉండెనట. నా వంతు వచ్చేసరికి మా దగ్గరి సర్కారు దవాఖానలనే మిషన్లు పెట్టిండ్రు. ఐదు మంచాలు, ఐదు మిషన్లు, గోడకు ఒక గడియారం. సోమ, బుధ, శుక్రవారాలు మా బ్యాచువి. పోంగనే బరువు చూస్తరు. పదిన్నరకు ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి మిషన్‌కు తగిలిస్తే రెండున్నర దాకా కదలనీకె లేదు. ఒంట్ల రక్తమంత ఒక పైపులకెల్లి బయటికి పోయి, శుభ్రమై, ఇంకో పైపులకెల్లి లోపలికొస్తది. నొప్పి అంటే పెద్ద నొప్పేం ఉండదు. కట్టేసినట్టుంటది, అంతే. దేవరకొండ, మిర్యాలగూడ, నందికొండ అని పొద్దంత తిరిగి, ఇంటికొచ్చి పండుకున్నంక గూడ ఒళ్లు బస్సు ఊగినట్టు ఊగే మనిషిని నేను. ఆ మంచం మీద ముందుగాల్ల ఏం చేసేదాన్నంటే, కండ్లు మూసుకోని నా రూట్ల ఉన్న స్టాపులన్ని వరుసగ చెప్పుకునేదాన్ని. ఎవరెవరు ఎక్కేటోళ్లో, ఎవరు చిల్లర లేదనేటోళ్లో యాది చేసుకుంట దేవరకొండ దాకా పోయి మల్ల హాలియా దాకా వచ్చి కండ్లు తెరిస్తే, గడియారంల అర్ధగంట గూడ గడిచేది కాదు.

నా తల్లిగారిల్లు కొల్లాపూర్ దిక్కు. తమ్ముడు కొత్తిల్లు కట్టుకోని దావత్ చేస్తే శనివారం పోయి ఆదివారం మొదటి బస్సుకు బయలెల్లిన. మరదలు చేయి పట్టుకోని "ఇంకొక్క రెండు దినాలుండు వదినా, ఎన్నడన్న ఉన్నవా?" అన్నది. సోమవారం ఉన్నది గదా. చేయి ఇడిపించుకోని బస్సెక్కి, ఎనక సీట్ల కూసోని, ఎవరూ చూడకుండ ఏడ్చిన. యాడికి పోయినా మెడకు పలుపుతాడు ఉన్నట్టే, రెండో దినానికి గుంజుకొస్తది. దానికి తోడు రోజుకు అరలీటరు నీళ్లే. మా దిక్కు మే నెల ఎండలు తెలిసినోళ్లకు అరలీటరంటే ఏందో చెప్పక్కరలేదు. కూరల ఉప్పు ఉన్నదా లేదా అన్నట్టు. మామిడికాయ తొక్కు జాడీ దిక్కు నేను చూసే చూపు చూసి మా ఆయన దాన్ని అటక మీద పెట్టిండు. పాపం, తనకు గూడ తీసుకునుడు కష్టమయ్యేటట్టు.

నా పక్క మంచం చాచాది. నందికొండ తొవ్వల ఒక ఊర్ల పరుపులు కుట్టే దూదేకులాయన. డెబ్బై ఏండ్లు ఉంటయి, సన్నటి మనిషి, తెల్లగడ్డం. మొదటినాడే నన్ను గుర్తుపట్టిండు. "నువ్వు కండక్టరమ్మవు గదా. నా దూది మూటకు లగేజి టికెట్ కొట్టింది నువ్వే. దూదికి బరువేడుంటదమ్మా అంటె, జాగ ఆపింది గదా అంటివి," అన్నడు. నాకు యాదికి లేదు, గని నేను గట్ల అని ఉంటనే. ఆయనకు జవానీల కుస్తీల పిచ్చి. కుస్తీలు నేర్పే ఊరి తాలింఖానల మట్టి పూసుకున్నోడు. బిడ్డ కొనిచ్చిన ఫోన్ల కుస్తీ వీడియోలు చూసేటోడు. ఒక బుధవారం ఆ ఫోన్ దానంతటదే గీ సుమో పెట్టింది. చాచా లేవబోయి, సూది యాదికొచ్చి, మల్ల పండుకోని "కండక్టరమ్మా! జర ఇటు సూడు!" అని ఒర్రిండు.

ఇద్దరు కొండలంత మనుషులు. గుండ్రంగ తాడు పరిచిన మట్టి గద్దె. ఆ గుండ్రం నుంచి బయటికి పోయినా, పాదాలు గాక ఇంకేదన్న నేలకు తాకినా ఓడినట్టు. కుస్తీ అయ్యేది పది నిమిషాలా అంటే కాదు, చాలాసార్లు పది సెకండ్లు గూడ పట్టదు. దానికి ముందే తతంగమంత. వంగుతరు, ఒకల్నొకలు గుర్రుమని చూసుకుంటరు, కొట్లాడకుండనే లేచి ఎనకకు పోతరు, మల్లొస్తరు, మల్ల పోతరు. "బస్సు స్టార్ట్ చేసి కదిలియ్యని డ్రైవర్ లెక్కున్నరు," అన్న నేను. చాచాకు మాత్రం ఆ ఆగుడే ఇష్టం. "ఆగుడు మనకు తెల్వదా బిడ్డా?" అన్నడు.

కొట్లాటకు ముందు వాళ్లు దోసెడు ఉప్పు తీసి గద్దె మీద చల్లుతరు. "మనకు చిటికెడు ఇయ్యరు గని, గీడ సూడు, ఎరువు జల్లినట్టు జల్లుతున్నరు," అన్నడు చాచా. దానికి తోడు కొయ్య గరిటెతోని నీళ్లు నోట్లె పోసుకోని పుక్కిలించి ఊసేస్తరు. ఆ నీళ్లు కిందవడ్డప్పుడల్లా వార్డుల ఒక నిట్టూర్పు వినవడేది. అప్పటికి మిగిలిన మంచాలోళ్లు గూడ తలలు ఇటు తిప్పుడు మొదలువెట్టిండ్రు మరి. మా సిస్టరమ్మ అరకిలో బరువు పెరిగినా తిట్టే మనిషి, ఒక పహిల్వాన్ నూట అరవై కిలోలని చాచా చెప్తే "ఆయనకు ఏ మిషన్ తగిలించాలె తాతా?" అన్నది. చాచా ఫికరు వేరే: "వీనికి పరుపు కుట్టాలంటె ఎంత దూది వడ్తదో! ఆర్నెల్లకే అణిగిపోతది." ఆడోళ్లు ఆ గద్దె మీద కాలు పెట్టొద్దని ఒకనాడు చదివి చెప్పిండు. మంచం మీద నుంచి కాలు కిందపెట్టే హుకుమే లేని నాకు అది వినంగ నవ్వొచ్చింది.

మేమిద్దరం ఒక పహిల్వాన్‌ను పట్టుకున్నం. పేరు నోరు తిరగకపోయేది, మోకాలాయన అనుకునేటోళ్లం. ముప్పై ఐదు దాటినోడు, ఒకప్పుడు పెద్ద ర్యాంకుల ఉండి, మోకాలు విరిగి కిందికి జారినోడు. కాలుకు ఇంత మందం తెల్ల పట్టీ. సుమోల లెక్క సుల్వగనే ఉంటది: పదిహేను కుస్తీలల ఎనిమిది గెలిస్తే ర్యాంకు నిలుస్తది, ఎనిమిది ఓడితే కిందికి పోతది. మోకాలాయన ప్రతిసారి ఎనిమిది కోసం చావుబతుకుల మీద పడేటోడు. మిషన్ లేని దినాలల ఎవరింట్ల వాళ్లం చూసి ఫోన్ చేసుకునేది. నా బతుకుల దినాలను మిషన్ లెక్కన కాక కుస్తీల లెక్కన లెక్కవెట్టుడు అట్ల మొదలైంది.

ఇట్ల ఒక ఏడాదిన్నర నడిచింది. ఒక మార్చి నెల పోటీలల, రెండో వారం, బుధవారం చాచా రాలే. జ్వరమేమో అనుకున్న. ఫోన్ చేస్తే ఎత్తలే. శుక్రవారం గూడ మంచం ఖాళీనే. ఆనాడు నేను ఫోన్ తియ్యలే, నాలుగు గంటలు గోడ గడియారమే చూసిన. శనివారం పొద్దున చాచా బిడ్డ ఫోన్ చేసింది. తను ఇంట్లనే బట్టలు కుట్టుకుంట తండ్రిని చూసుకునే మనిషి. "అక్కా, నాయిన దవాఖానకు రానంటున్నడు. కాళ్లు ఉబ్బినయి, ఆయాసం. నా మాట ఇంటలేడు," అని ఏడ్చింది. మా ఆయన బండి మీద దింపిండు.

చాచా గోడకు దిండ్లు వేసుకోని కూసున్నడు. పండుకుంటే ఊపిరాడదు. మొఖం ఉబ్బి ఎవరో వేరే మనిషి లెక్కున్నడు. నన్ను చూసి చెయ్యి ఊపిండు, వద్దన్నట్టు.

"మా అన్నదమ్ములంత దర్గా కాడ ఉర్సుకు పోయిండ్రు," అన్నడు, మాట మాటకు ఆగుకుంట. "మూడు దినాలు. నన్నెవరూ అడగను గూడ అడగలే. ఈయన రాలేడు గదా అని. వాళ్ల తప్పు లేదు. గని సాలు బిడ్డా. ఎన్నేండ్లు కట్టేసుకోని పండాలె? నన్నిడువు."

బతకాలె, దేవుడున్నడు, బిడ్డ మొఖం చూడు, అని చెప్దామనే పోయిన. ఆయన మొఖం చూసినంక అవేవీ నోటికి రాలే. ఎందుకంటే ఆయనన్నది నాకు తెలువనిది కాదు. అప్పటిదాక ఎవరికీ, మా ఆయనకు గూడ చెప్పని ముచ్చట ఆనాడు చెప్పిన.

"చాచా, పోయినేడు నేనొక శుక్రవారం రాలే, యాదికున్నదా? జ్వరమని చెప్పిన. జ్వరం కాదు. దవాఖానకు బయలెల్లి దేవరకొండ బస్సెక్కిన. కిటికీ పక్క సీటు. టికెట్ కొట్టింది నా కింద పని నేర్చుకున్న పిల్లనే. చివరి స్టాపు దాకా పోయి ఆడనే దిగిపోయి, ఇగ మల్ల ఎన్నడూ మిషన్ దిక్కు పోవద్దనుకున్న."

చాచా తల తిప్పి నా దిక్కు చూసిండు. "మరి?"

"దేవరకొండల దిగి చెరుకురసం బండి కాడ నిలవడ్డ. తాగాలెనా వద్దా అని గిలాస పట్టుకోని చానాసేపు నిలవడ్డ. అప్పటికి ఒంటిగంట దాటింది. మోకాలాయన దిగే యాళ్ల. నువ్వొక్కనివే సూస్తుంటవు, పక్క మంచం ఖాళీగ ఉంటది అనిపించింది. గిలాస ఆడనే పెట్టి తిరుగు బస్సెక్కిన. తెల్లారి సిస్టరమ్మను బతిలాడి వేరే బ్యాచుల ఎక్కిచ్చుకున్న."

చాచా మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదనో ఇప్పటికీ తెల్వదు. "బుధవారం సంది పక్క మంచం ఖాళీ. నువ్వు పోతె నాకెవరున్నరు సూడనీకె? నీ బిడ్డ కోసం కాదు, దేవుని కోసం కాదు, నా కోసమే అడుగుతున్న. నడువు," అన్న, బస్సుల గొంతుతోని. బిడ్డ తలుపు కాడ నిలవడి బిత్తరపోయింది. చాచా నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగినంక "లగేజి కొట్టిననాడు గూడ గిదే గొంతు," అని బిడ్డ దిక్కు చేయి చాపిండు, లేపమన్నట్టు.

ఆటోల తీసుకపోయినం. సిస్టరమ్మ బరువు చూసి "ఐదు కిలోలు మోసుకొచ్చినవు తాతా, మీ జపానోళ్లల కలుస్తవా?" అని తిట్టుకుంటనే, చేతులు మాత్రం ఉరుకుతుండె. మూతికి ఆక్సిజన్ పెట్టింది. ఖాళీ ఉన్న మిషన్‌కు తగిలించింది. నేను మొదటిసారి ఆ వార్డుల సూదులు లేకుండ, స్టూల్ మీద కూసున్న. గంటన్నరకు ఆయనకు ఊపిరి జర తిరిగింది. కండ్లు తెరిచి "ఫోన్" అన్నడు.

ఆనాడు పద్నాలుగో దినం. మోకాలాయన అప్పటికే ఏడు ఓడి ఉన్నడు, ఇంకొకటి ఓడితే ర్యాంకు పోయినట్టే. ఎదుటోడు ఇరవై రెండేండ్ల పోరడు. ఇద్దరు గుద్దుకోని, ఒకల గోచీ ఒకలు పట్టుకోని, గద్దె నడుమ నిలవడిపోయిండ్రు. కదలరు. ఒక నిమిషం, ఇంకొంచెం. భుజాలు మాత్రం ఎగిసిపడుతున్నయి. చాచా ఊపిరి గూడ అదే తీరుగ ఎగిసిపడుతుంటే నేను తెర చూడాలెనో ఆయన్ను చూడాలెనో తెలువలే. అంతల మోకాలు వంగింది. మోకాలాయన పక్కకు ఒరిగి గద్దె మీద నుంచి కిందికి దొర్లిండు. లేచిండు. కుంటుకుంట మల్ల ఎక్కి, తల వంచి, ఎల్లిపోయిండు.

"ఓడిండు," అన్న. ఇయ్యాలనే ఓడాలెనా అనుకుంట ఫోన్ బోర్ల పెట్టిన.

"రేపు ఇంకోటున్నది గదా?"

"రేపు గెలిచినా ఏం లాభం చాచా? ర్యాంకు పాయె."

"లాభం సంగతి ఎవరడిగిండ్రు? వస్తడా రాడా, గది సెప్పు."

"వస్తడు. కాలు ఇరిగినా వస్తడు వాడు."

చాచా కండ్లు మూసుకున్నడు. "ఐతె సోమవారం నేను గూడ వస్త," అన్నడు.

తెల్లారి ఆదివారం మోకాలాయన వచ్చిండు, గెలిచిండు గూడ, లెక్కకు పనికిరాని గెలుపు. చాచా ఫోన్ చేసి ఒర్రిన ఒర్రుడుకు మా ఆయన పక్క అర్ర నుంచి ఏమైందోనని ఉరికొచ్చిండు.

ఆ తర్వాత చాచా రెండేండ్లు వచ్చిండు. ఒక్కనాడు గూడ ఎగ్గొట్టలే అంటే అబద్ధమైతది. రెండుసార్లు ఎగ్గొట్టిండు, నేను తిట్టిన. ఒకసారి నేను ఎగ్గొట్టిన, ఆయన తిట్టిండు. పోటీలు లేని ఒక నెల, మంగళవారం పొద్దున, చాయ్ అడిగి, అది వచ్చేలోపల గోడకు ఒరిగిండట. పోయి చూసొచ్చిన. నలభై దినాలైనంక బిడ్డ మా ఇంటికొచ్చి, పాత చీర ముక్కతోని కుట్టిన చిన్న దిండు ఒకటి నా చేతుల పెట్టింది. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. "మిషన్ మీదున్నప్పుడు నీ చెయ్యి ఆనిచ్చుకోనీకె నాయిన మొదలువెట్టిండక్కా. సగం ఆయన కుట్టు, సగం నాది," అన్నది. రెండు కుట్లు చూస్తేనే తెలుస్తయి, ఆయనవి దగ్గర దగ్గరగ, తనవి జర దూరం దూరం.

పక్క మంచం మీదికి ఇప్పుడొక సారు వస్తడు. ఫోన్ల సీరియళ్లు గట్టిగ పెట్టుకుంటడు. మోకాలాయన గూడ కుస్తీలు మానేసిండు. నేను మాత్రం సోమ, బుధ, శుక్రవారాలు పోతనే ఉన్న, దిండు సంచిల పెట్టుకోని. దాంట్ల దూది అణిగినప్పుడల్లా ఆ బిడ్డ మల్ల ఏకి నింపిస్తది. పొద్దు పోతలేదని ఏడ్చిన దినాలే నా బతుకుల ఎక్కువున్నయి. గని ఎనకకు తిరిగి చూస్తే, అన్ని ఏండ్లు కలిపి ఒక్క పగటీలంతనే కనవడ్తయి.