రాజవ్వ మేక గుంజ

హాలు మధ్యలో పరిచిన కొత్త డేరా నుంచి వచ్చే వాసన ఏమిటో నాకు ఒక పట్టాన అంతుపట్టలేదు. రెయిన్‌కోటు వాసనా కాదు, సైకిల్ ట్యూబు వాసనా కాదు, రెండింటినీ కలిపి ఎండలో పెట్టి మరిచిపోతే వచ్చే వాసన లాంటిదేదో. కిటికీ తెరిస్తే కోరుట్ల చివరి కల్లాల్లో పసుపు ఉడుకుతున్న ఘాటు లోపలికి వచ్చి, ఈ కొత్త వాసనతో కాసేపు కొట్లాడి ఓడిపోయింది. మా మనుమరాలు శ్రావ్య తొమ్మిదో తరగతి. శనివారం బడి వాళ్ళతో సారంగాపూర్ గుట్టల దగ్గరికి రెండు రోజుల చలికాలపు క్యాంపుకు పోతున్నది. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఎవరికీ నిలకడ లేదు. కోడలు సాక్సులు లెక్కపెడుతుంది, కొడుకు టార్చికి చార్జింగు పెట్టి తీసి మళ్ళీ పెడతాడు, నేను గది నుంచి హాలుకు, హాలు నుంచి గదికి ఊరికే తిరుగుతాను. శ్రావ్య డేరా సంచి బోర్లించి అల్యూమినియం గుంజలు ఒక్కొక్కటి టింగుమని నేల మీద పడేసుకుంటూ లెక్కపెట్టింది.

"ఒక గుంజ తక్కువున్నది తాతా" అంది.

ఆ మాట విని నేను తిరుగుడు ఆపి కుర్చీలో కూర్చున్నాను. నా తిరుగుడుకు అసలు కారణం వేరే ఉంది. క్యాంపులో శనివారం సాయంత్రం మంట చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి పాతకాలం క్యాంపు కథ చెప్పమని వాళ్ళ టీచరు నన్ను పిలిచింది. మా తాతకు చిరుతపులి ఎదురైందని, మా తాత డేరాను మేక తినేసిందని శ్రావ్య బడంతా చాటింది. ఈ రెండు కథలు మా ఇంట్లో యాభై ఏళ్ళుగా నడుస్తున్నాయి. నా పెళ్ళిలో చెప్పాను, నా కొడుకు పెళ్ళిలో చెప్పాను. చిరుతపులి సంగతి తర్వాత చూద్దాం. మేక కథలో మాత్రం ఒక ముక్క ఉంది, దాన్ని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మాది అసలు సిరిసిల్ల. సాంచాలు ఇంకా రాని కాలం, అంటే కరెంటు మగ్గాలు రాక ముందు సంగతి. ఇంటింటికీ గుంత మగ్గం ఉండేది. మేము నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు ఆ గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటే నడుము పైభాగం మాత్రమే కనిపించేది కనుక, చిన్నప్పుడు మా బాపుకు కాళ్ళు లేవనే అనుకునేవాణ్ణి. (ఇది అబద్ధం. నాకు తెలుసు. వినడానికి బాగుంటుందని చెప్పాను.) అవ్వ గడప దగ్గర రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. చలికాలం పొద్దున వాడకట్టు పొడుగునా పడుగు దారాలను గుంజలకు సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి కుంచెతో దువ్వుతూ నడిచేవాళ్ళు. మానేరు మీది నుంచి వచ్చే మంచు, పుల్లటి గంజి వాసన, చలిమంటలో కాలే కంది కట్టె పొగ, ఉడికించిన అనపకాయల ఆవిరి, వీటన్నిటి మధ్య నుంచి పడుగు దారాల కింద దూరుకుంటూ బడికి పోయేవాళ్ళం. దారానికి తల తగిలితే పెద్దవాళ్ళ కుంచె మా వీపుకు తగిలేది.

ఆ బడిలోనే డ్రిల్ సారు ఒకనాడు వచ్చి, సంక్రాంతికి ముందు ఎనిమిది మంది పిల్లల్ని జగిత్యాల దాటించి సారంగాపూర్ గుట్టల్లోకి మూడు రోజుల క్యాంపుకు తీసుకుపోతానన్నాడు. బడిలో ఒక్కటే డేరా ఉందనీ, దానికి కన్నాలు పడ్డాయనీ, ఇంకొకటి దొరికితే బాగుండేదనీ అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు. లేచాక ఊరుకోలేను కదా, "మా బాపు మిలిటరీకి డేరాలు నేస్తడు సార్" అన్నాను. మా బాపు నేసేది తువ్వాలలు, పంచెలు. మిలిటరీ అనే మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు.

ఇంటికి పోయి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో నాడు బాపమ్మ, అంటే మా బాపు తల్లి, నా చెవి పట్టుకొని మెలితిప్పితే సంగతంతా బయటపడింది. బాపు కొడతాడనుకున్నాను. ఆయన మగ్గం ఆపి, కాసేపు నూలు వైపు చూసి, సారు ముంగట ఇచ్చిన మాట పోవద్దని మాత్రం అన్నాడు. ఆ నాటి నుంచి పగటి పని అయిపోయాక మిగిలిన నూలుతో రోజుకింత చొప్పున డేరా బట్ట నేశాడు. ఆ పదిహేను రోజులు నేను చేసిన ఆగం ఇంతా అంతా కాదు. సంచి సర్దుతాను, విప్పుతాను, కంచం లోపల పెట్టాలా పైన పెట్టాలా అని బాపమ్మను అడుగుతాను, మళ్ళీ సర్దుతాను. మగ్గం చప్పుడు ఆగితే బట్ట అయిపోయిందేమోనని ఉరికేవాణ్ణి, బాపు చుట్ట వెలిగించుకుంటూ కనిపించేవాడు. క్యాంపుకని అవ్వ చేసిన సర్వపిండి పన్నెండు తినేశాను. సరే, నాలుగు. అవ్వ మళ్ళీ చేసింది, ఈసారి ఉట్టి మీద పెట్టింది. ఉట్టి అందుకోవడానికి నేను కండెల బుట్ట బోర్లించి ఎక్కాను. కండెలన్నీ చిక్కుపడి, వాటిని విడదీయడానికి అవ్వకు ఒక పూట పట్టింది.

బట్ట మగ్గం దిగిన నాడు దాన్ని వాగుకు తీసుకుపోయి ఉతికి ఇస్తానంది అవ్వ. కొత్త బట్టలో గంజి ఉంటుంది, మంచు తగిలితే బంక బంకగా అవుతుందని ఆమె భయం. ఉతికితే ఆరడానికి ఒక రోజు, మడవడానికి ఒక పూట. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఉతకొద్దని సారు చెప్పిండన్నాను. అంతటితో ఆగానా? సాలెల పిల్లవాణ్ణి కదా, గంజి పట్టిస్తే దారం గట్టిపడుతుందని నాకు తెలుసు. బట్టకు ఇంకా పట్టిస్తే డేరా గోడలాగ నిలబడుతుందని లెక్క వేసి, పడుగుకు కాచిన గంజిలో మిగిలినదంతా ఎవరూ చూడకుండా ఆ బట్టకు పూసి ఎండబెట్టాను. ఎండాక అది నిజంగానే అట్టలాగ నిలబడింది. తడితే డప్పు మోగినట్టు మోగింది.

రేపు పొద్దున బస్సు అనగా ఆ సాయంత్రం డేరాను వాకిట్లో నిలబెట్టి చూడాల్సిందేనని మారాం చేశాను. బాపు తుమ్మ కొమ్మలు చెక్కి గుంజలు చేసి ఇచ్చాడు. ఎనిమిదింటికి ఏడే అయ్యాయి. ఎనిమిదోది పొద్దున చెక్కుతానని మగ్గం గుంతలోకి దిగాడు. నాకు పొద్దుటిదాకా ఆగే జీవం లేదు. ఒక మూల వదులుగా వేలాడుతుంటే డేరా నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఉంది.

మా వాకిలికి ఆనుకొనే రాజవ్వ ఇల్లు. ఆమె ఒంటరి మనిషి. భూమి జాగా లేదు, నాట్లకు కలుపుకు కూలికి పోయేది, ఒక్క మేకను పెంచుకునేది. దాని పాలతోనే మా వాడకట్టు సగం చాయ తాగేది. నాకు జ్వరమొస్తే ఆ పాలు చిన్న గిన్నెలో తెచ్చి, "తాగు కొడుకా" అని పక్కనే కూర్చునేది. నేను ఆమెను చిన్నమ్మా అనేవాణ్ణి. ఆ సాయంత్రం ఆమె ఇంకా కూలి నుంచి రాలేదు. మేక గుంజ నున్నగా, బలంగా, తలకాయ దగ్గర ఒక పక్క కాలిన మచ్చతో కనిపించింది. ఊగించి ఊగించి పీకాను. మేక తాడును గోడ పక్కనున్న ఆముదం చెట్టుకు కట్టాను. ఆముదం కొమ్మ ఎంత గట్టిదో పల్లె పిల్లవాడికి తెలియదా? తెలుసు. అప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

తెల్లవారి లేచేసరికి మంచులో డేరా ఒక పక్క కూలిపోయి ఉంది. గంజి కరిగి బట్టంతా జిగటగా అయింది. ఆ జిగట బట్టను ఎనిమిది మేకలు నములుతున్నాయి. ఎనిమిది అని నా పెళ్ళిలో చెప్పాను, కొడుకు పెళ్ళి నాటికి నాలుగయ్యాయి. ఉన్నది ఒక్కటే. రాజవ్వ మేక, మెడలో తాడు, తాడు చివర ఆముదం కొమ్మ. దానికి ఆ గంజి పండుగ భోజనం. నిలువెత్తు కన్నం పెట్టింది, మనిషి వంగకుండా లోపలికి పోవచ్చు.

బాపమ్మ అరుపులకు వాడకట్టంతా పోగయింది. పదిహేను దినాల కష్టం మేక కడుపుల పోయిందని, మేకను కట్టేసుకోవడం రానిదానికి మేక ఎందుకని రాజవ్వను నిలబెట్టి తిట్టింది. బాపు నా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"నర్సిగా, ఇందుల నీ చెయ్యేమన్న ఉన్నదా? ఉంటే చెప్పు. ఉంటే క్యాంపు లేదు."

గోడకు నా సంచి తగిలించి ఉంది. అందులో కంచం, సర్వపిండి, ఉతికిన చొక్కా. బస్సు ఇంకో మూడు గంటలకు. "మేకనే తెంపుకున్నది బాపు" అన్నాను.

అప్పుడు రాజవ్వ డేరా వైపు చూసింది. కూలని మూలలో, బాపు చెక్కిన తెల్లటి గుంజల నడుమ, కాలిన మచ్చతో తన గుంజ పాతి ఉంది. ఆమె దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. అంత దగ్గరలో నిలబడి మరొకరు నన్ను అంతసేపు చూసింది నా బతుకులో లేదు.

"నా మేకనే అత్తా. నేనే సరిగ్గ కట్టలె" అంది బాపమ్మతో, తల వంచి.

తర్వాత అంతా తొందర తొందరగా జరిగింది. బాపమ్మ కాసేపు గొణిగి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నల్ల గొంగడిని, నేనూ ఆమె కలిసి కప్పుకొని పడుకునేదాన్ని, కత్తితో కోసి డేరా కన్నానికి అతుకు వేసింది. తెల్ల డేరాకు నల్ల గొంగడి అతుకు. క్యాంపులో మా డేరాను అందరూ ఆబోతు అని పిలిచారు. అక్కడ ఒక సాయంత్రం నాకు చిరుతపులి ఎదురైంది. అది కుక్క. మచ్చల కుక్క, అదీ నన్ను చూసి భయపడి పోయింది. మూడు రోజులూ మిగతా పిల్లలు ఏం చూశారో, ఏం తిన్నారో నాకు సరిగ్గా గుర్తు లేదు. డేరా వేసిన ప్రతిసారీ ఎనిమిదో గుంజను నేనే పాతాను, వేరేవాళ్ళను ముట్టనియ్యలేదు. అది బాగా గుర్తుంది.

తిరిగి వచ్చిన నాడు సంచి ఇంట్లో కూడా పెట్టకుండా గుంజ పట్టుకొని రాజవ్వ ఇంటికి పోయాను. దారంతా చెప్పాల్సిన మాట నోట్లో నాన్చుకుంటూ పోయాను. వాకిట్లో మేక లేదు. ఇంకొకరి కష్టం మీద మళ్ళీ పడుతుందని అంగడికి తోలి అమ్మేసిందట. రాజవ్వ గడప మీద కూర్చొని అనపకాయలు ఒలుస్తున్నది. నా చేతిలోని గుంజను చూసి కొంచెం నవ్వింది కూడా.

"ఉంచుకో కొడుకా. గుంజతోని నాకేం పని ఇంక."

క్యాంపు మంచిగ అయిందా అని అడిగింది. అయిందన్నాను. చెప్పాల్సిన మాట అట్లనే మింగి ఇంటికి వచ్చాను. ఏడాది తిరగకుండానే ఆమె ఇబ్రహీంపట్నంలో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది. కథ చెప్పిన ప్రతిసారీ నేను చివర్లో, రాజవ్వ మరుసటేడు రెండు మేకలు కొన్నదని ముగిస్తాను. కొనలేదు. నేను కొనిపెట్టాను, కథలో. ఆ గుంజ మా ఇంట్లోనే గోడకు దిగి, చిలపలు, అవే నూలు కట్టలు, తగిలించడానికి చాలా ఏళ్ళు పనికొచ్చింది. మగ్గం పోయి సాంచాలు వచ్చాక ఎవరో పొయ్యిలో పెట్టేశారు.

ఇప్పుడు సిరిసిల్ల పోతే మా వాడకట్టులో పడుగులు పరిచే జాగాలో ఆటోలు నిలబడుతున్నాయి. సాంచాల మోతలో పక్కవాడి మాట వినిపించదు. గంజి వాసన లేదు. వాకిట్లో మేకను కట్టేసుకునే ఇల్లు ఒక్కటి కూడా కనిపించలేదు. రాజవ్వ ఇల్లు ఉన్నచోట మొబైల్ రీచార్జి కొట్టు ఉంది. ఆముదం చెట్టు సంగతి ఆ కొట్టు పిల్లవాణ్ణి అడిగితే, ఆముదమంటే కడుపుకు తాగేదా అన్నాడు.

నిన్న శ్రావ్యకు ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోను పక్కన పెట్టి వింది. ఎప్పుడూ నవ్వే చోట నవ్వలేదు.

"ఆమెకు తెల్సు గదా తాతా. మరెందుకు జెప్పలె?"

"చెప్తే నేను క్యాంపుకు పోకపోదును" అన్నాను.

డేరా జిప్పు మూస్తూ తెరుస్తూ కూర్చుంది. శనివారం గీదే చెప్పాలె, పాతది చెప్తే నేనే లేచి అందరికీ చెప్పేస్త అని బెదిరించింది. ఇవ్వాళ పొద్దున నేను కాలువ గట్టు దాకా నడిచి తుమ్మ కొమ్మ ఒకటి కొట్టుకొచ్చి, చెక్కి ఆ తక్కువైన గుంజ చేశాను. వంకరగా వచ్చింది. కోడలు నవ్వింది. శ్రావ్య దాన్ని వేళ్ళతో తడిమి చూసి, అల్యూమినియం గుంజల మధ్యనే సంచిలో పెట్టింది. డేరా బట్టను బాపు లాగ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాను. గంజి లేదు. మేక వచ్చినా ముట్టదు.

రేపు బస్సు ఏడు గంటలకు. నా సంచి ఇప్పటికి మూడుసార్లు విప్పి సర్దాను. చిరుతపులిని ఇంట్లోనే వదిలేసి, మేకను మాత్రం తోలుకొని పోతున్నాను.