లారీకి భోజన ప్రార్థన

ఆ రోజుల్లో భక్తుడనిపించుకోవడం ఎంత సులువో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. గొంతు కాస్త గంభీరంగా ఉండి, సమయానికి కళ్ళు మూసుకోవడం చేతనైతే చాలు, మిగతాదంతా ఊరే చూసుకునేది. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, లబాసా పక్కన మా టాబియాలో, ఇరవై ఏళ్ళకే నాకు ‘చిన్న పాద్రి’ అని పేరొచ్చింది. ఉద్యోగం చూస్తే చక్కెర మిల్లులో చెరకు లారీలు తూచే కాటా దగ్గర, బైబిలు చూస్తే బడిలో చదివినంతే. అయినా ఎవరింట్లో ప్రార్థన పెట్టుకున్నా ముందు నాకే కబురొచ్చేది. ఎందుకంటే మా కొద్దిపాటి క్రైస్తవ కుటుంబాల్లో తెలుగులో ప్రార్థన చేయగల కుర్రాణ్ణి నేనొక్కణ్ణే. చెరకు తోటల్లో కూలికి వచ్చిన తాతలు ఓడల్లో తెచ్చిన తెలుగు మా నాన్నల దగ్గరికొచ్చేసరికి నాలుగు పొడిమాటలైంది, మా దగ్గరికొచ్చేసరికి తిట్లూ కూరల పేర్లూ మిగిలాయి. (ఊళ్ళో అందరం మాట్లాడేది ఫిజీ హిందీయే. ఆ మాటల్ని చాలావరకు తెలుగు చేసి రాస్తున్నాను.)

అసలు సంగతేమిటంటే, నాకు వచ్చింది ఒకే ఒక్క ప్రార్థన. చిన్నప్పుడు మా అవ్వ, అంటే నాన్నను కన్న తల్లి, కంచం ముందు కూర్చోబెట్టి నేర్పిన భోజన ప్రార్థన. “ప్రభువా, మా ముందర పెట్టిన ఈ కూటికి నీకు స్తోత్రం. దీన్ని వండిన చేతుల్ని దీవించు. ఇది మా ఒంటికి బలమయ్యేలా చెయ్యి. లేనోళ్ళకు కూడా ఇట్లాగే ఇయ్యి తండ్రీ, ఆమెన్.” ఇంతే. ఆ తర్వాత అవ్వ సముద్రం దాటి, పక్క దీవిలోని తవువాలో, బంగారు గనిలో పనిచేసే మా బాబాయి దగ్గరికి వెళ్ళిపోయింది. దాంతో ఊళ్ళో అది ఏ ప్రార్థనో పోల్చుకోగలవాళ్ళు లేకుండా పోయారు. ఒకసారి మా ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే పెద్దమ్మ “పెద్దల భాషలో ఒక్క మాట వినిపిస్తే ఎంత బాగుండు!” అని నిట్టూర్చింది. నేను లేచి, కళ్ళు మూసుకుని, వచ్చింది అప్పజెప్పాను. కళ్ళు తెరిచేసరికి పెద్దమ్మ కొంగుతో కన్నీళ్ళు ఒత్తుకుంటోంది. నా పని అయిపోయిందని అప్పుడే తెలుసుకోవలసింది.

ఆ తర్వాత పసిబిడ్డకు పేరు పెట్టినా అదే, కొత్త ఇంటికి తలుపు తెరిచినా అదే. పెద్దనాన్న లారీ కొన్నప్పుడు బానెట్ మీద చెయ్యి వేసి మరీ, మా ముందర పెట్టిన ఈ కూటికి స్తోత్రం చెప్పాను. (తర్వాత ఆ లారీ డీజిల్ తాగిన తీరు చూసి, ప్రార్థన దానికే పట్టిందేమోనని నాకు లోలోపల అనుమానం.) పెళ్ళిలో వధూవరుల మీద కూడా చదివాను. అక్కడ మాత్రం ‘లేనోళ్ళకు కూడా ఇట్లాగే ఇయ్యి’ అన్నది చక్కగా అతికింది, పందిట్లో పెళ్ళికాని వాళ్ళం చాలామందిమి ఉన్నాం. రాను రాను ‘బలమయ్యేలా’ దగ్గర గొంతు వణికించడం, ‘తండ్రీ’కి ముందు కాస్త ఆగడం కూడా అలవాటు చేసుకున్నాను. ఒంటరిగా మోకాళ్ళూనిన జ్ఞాపకం మాత్రం లేదు. దేవుడితో నాకు తగాదా ఏమీ లేదు, మాటలే లేవు. ఊరంతా నన్ను భక్తుడంటుంటే మళ్ళీ విడిగా భక్తి దేనికి?

అలా హాయిగా సాగిపోతుండగా అవ్వ తిరిగొచ్చింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్న ఒక్క కంటికీ శుక్లం కమ్మింది. లబాసా ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే ఉంటానంది. ఓడ దిగిన అవ్వతో పెద్దమ్మ అన్న మొదటి మాట, “నీ మనవడి తెలుగు ప్రార్థన వినాలి నువ్వు! రాళ్ళు కూడా కరుగుతాయి.” అవ్వ ముఖం వెలిగిపోయింది. నా పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టయింది. కొన్ని వారాలు గొంతు బాగోలేదన్నాను, కాటా దగ్గర రద్దీ అన్నాను, చర్చిలో వెనక వరసలో కూర్చుని దగ్గాను.

ఆపరేషన్ రోజు పొద్దున మాత్రం తప్పించుకోలేకపోయాను. మంచం చుట్టూ బంధువులందరూ నిలబడ్డారు. అవ్వ తెల్లదుప్పటి కప్పుకుని పడుకుని, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. “బయమేస్తా ఉందిరా అబ్బయ్యా. ఈ కన్ను కూడా పోతే నా బతుకంతా చీకటే గదా. తెలుగులో ఒక్క ప్రార్థన చెయ్యి. హిందీలో చేస్తే దేవుడికి తెలుస్తాదిగానీ, నాకు కడుపులోకి దిగదు.” సొంతంగా ఏదో ఒకటి చెబుదామనే కళ్ళు మూసుకున్నాను. కానీ నోరు తనకు తెలిసిన దారే పట్టింది. “ప్రభువా, మా ముందర పెట్టిన ఈ కూటికి...” అని మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా, గొంతు వణికించాల్సిన చోట వణికించి మరీ ఆమెన్ దాకా వెళ్ళిపోయాను.

అవ్వ నా చెయ్యి వదల్లేదు. మంచం కదలడం మొదలైంది. చూస్తే ముసలిది దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని ఊగి ఊగి నవ్వుతోంది. బంధువులు పరిశుద్ధాత్మ దిగిందనుకున్నారు. “హల్లెలూయా!” అని పెద్దమ్మ ఏడ్చింది. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో అడిగింది, “ఏందిరా, నన్ను కూరొండుకుంటారా ఏంది?” ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు నాకు. “నాకు ఇంకోటి రాదవ్వా” అన్నాను. “వచ్చినంత చెయ్యి. దేవుడు నీకేం పరీచ్చ పెట్టినాడా?”

మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఈసారి నోటికి ఏమీ రాలేదు. ఆ చల్లటి చెయ్యి ఒక్కటే తెలుస్తోంది. “యేసయ్యా,” అన్నాను, “అవ్వకి డర్ లగే. నాకు కూడా లగే. ఆమె కన్ను... కన్ను తీసుకోవద్దు. నేను నీతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె మీద కోపం చెయ్యొద్దు.” అక్కడితో తెలుగూ అయిపోయింది, హిందీ కూడా అయిపోయింది. గొంతు వణికింది, ఈసారి నేను వణికించలేదు. ‘ఆమెన్’ అవ్వే అంది. నర్సు మంచం తోసుకుంటూ తీసుకుపోయాక నేను వసారాలో గోడవైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే, చాలాసేపు ప్రార్థన చేశాను.

కట్టు విప్పినప్పుడు అవ్వ మొదట నన్నే చూసింది. “మీ తాత ముక్కేరా నీది, పాపం” అంది.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో నన్ను మామూలుగానే పిలిచారు. నేను లేచి, తడుముకుంటూ, విరిగిన తెలుగులో నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. బయట యంగోనా, అంటే ఇక్కడివాళ్ళు తాగే వేరు పానీయం, గిన్నె చుట్టూ కూర్చున్న మగవాళ్ళు నా గురించి తలలూపుకున్నారు. పెద్దమ్మ బాధపడుతూ అంది కూడా, “కుర్రాడికి వెనకటి భక్తి లేదు. ఉద్యోగం పాడు చేసింది.” నా మీద ఎన్నడూ లేనంత భక్తి కమ్ముకున్న వారంలో నాకు దక్కిన బిరుదు అది! క్రమంగా ‘చిన్న పాద్రి’ అనడం కూడా మానేశారు. ముందు వరసలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న అవ్వ మాత్రం ప్రతి ఆదివారం నా తప్పుల ప్రార్థనకు అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది. మిగతా రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు నేర్పింది. ఇదంతా రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

ఇప్పుడు నా తెలుగు బాగుపడింది, ఆమెన్ అనడానికి అవ్వ లేదు. ఈ వయసులో కూడా ప్రార్థనలో తడబడుతూనే ఉంటాను, దానికి చింత లేదు. ఎప్పుడైనా మాటలు మరీ సాఫీగా, ఎక్కడా అడ్డు లేకుండా వచ్చేస్తుంటే మాత్రం నా మీద నాకే అనుమానం వస్తుంది. నవ్వొస్తుంది కూడా. అక్కడే ఆపి, దేవుణ్ణి క్షమించమని అడిగి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను.